భాషా బోధనలో పరీక్షలు: రకాలు, ప్రయోజనాలు
అరబీ బోధన దృష్ట్యా ఒక పరిశీలన

ఒకనాడు దైవప్రవక్త (స) తమ సహచరుల మధ్య కూర్చుని ఒక ప్రశ్న వేశారు. చెట్లలో ఒక చెట్టు ఉన్నదనీ, దాని ఆకులు రాలవనీ, అది ముస్లిమును పోలి ఉంటుందనీ చెప్పి, అది ఏ చెట్టో తెలుపమన్నారు. సహచరుల ఆలోచనలు ఎడారిలోని చెట్ల వైపు మళ్ళాయి. వారిలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అందరికంటే చిన్నవారు. అది ఖర్జూరపు చెట్టని ఆయనకు తట్టింది. కాని పెద్దలందరూ మౌనంగా ఉండగా తాను నోరు విప్పడానికి ఆయన సిగ్గుపడ్డారు. చివరకు ప్రవక్త (స) స్వయంగా జవాబు చెప్పారు.

ఇమామ్ బుఖారీ (రహ్మలై) ఈ హదీసును తమ గ్రంథంలోని విద్యా ప్రకరణంలో చేర్చారు. నాయకుడు తన సహచరుల జ్ఞానాన్ని పరీక్షించే నిమిత్తం ప్రశ్న వేయడం అనే భావంతో దానికి శీర్షిక పెట్టారు. అనగా బోధనలో పరీక్షకు స్థానం ఉన్నదని ఆయన ఈ సంఘటన నుండి గ్రహించారన్నమాట. అయితే ఇందులో మరొక పాఠం కూడా ఉంది. ప్రశ్నకు జవాబు తెలిసినవాడు ఒకడు ఆ సభలోనే ఉన్నాడు. కాని ఆ జవాబు అప్పుడు బయటకు రాలేదు. పరీక్షలో బయటపడని జ్ఞానం లేనట్లేనని తీర్పు చెప్పడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తుంది.

మన మక్తబులలోను, మదరసాలలోను ఏటా వేలాది బాలబాలికలు అరబీ భాషలో పరీక్షలు వ్రాస్తున్నారు. ఈ పరీక్షలు ఎందుకు పెడుతున్నాము? వీటివలన ఏమి తెలుసుకుంటున్నాము? తెలుసుకున్నదానితో ఏమి చేస్తున్నాము? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా పెట్టే పరీక్ష విద్యార్థికి భారం, ఉపాధ్యాయునికి శ్రమ మాత్రమే అవుతుంది.

ప్రయోజనాన్ని బట్టి పరీక్షల విభజన

భాషా బోధనా శాస్త్రజ్ఞులు పరీక్షలను ముఖ్యంగా వాటి ప్రయోజనాన్ని బట్టి విభజించారు. స్థాయి నిర్ణయ పరీక్ష, లోప నిర్ధారణ పరీక్ష, సాధన పరీక్ష, ప్రావీణ్య పరీక్ష అనే నాలుగు వీటిలో ప్రధానమైనవి. సహజ సామర్థ్య పరీక్ష అనే ఐదవ రకం కూడా ఉన్నది. ఒక వ్యక్తి ఇంకా నేర్చుకోని భాషను ఎంత సులభంగా నేర్వగలడో అది ముందుగా అంచనా వేస్తుంది. అమెరికాలో జాన్ కారోల్, స్టాన్లీ సాపన్ అనే విద్వాంసులు 1959లో ఇటువంటి పరీక్షను ప్రకటించారు. కాని దీన్ నేర్చుకొనుట ప్రతి ముస్లిముకు విధి. నీకు భాషా సామర్థ్యం లేదు కనుక వెళ్ళిపొమ్మని ఎవరినీ పంపివేయడానికి వీలులేదు. అందువలన మన అవసరం మిగిలిన నాలుగింటితోనే.

స్థాయి నిర్ణయ పరీక్ష

కొత్తగా చేరిన విద్యార్థిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి పెట్టేది స్థాయి నిర్ణయ పరీక్ష. ఇందులో ఉత్తీర్ణత, అపజయం అనే మాటలకు తావు లేదు. జవాబు ఏదైనా దానికి తగిన తరగతి ఒకటి ఉంటుంది.

మన మదరసాలలో చేరడానికి వచ్చేవారు ఒకే విధంగా ఉండరు. ఒకడు ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్, కాని ఒక్క వాక్యానికైనా అర్థం తెలియదు. మరొకడు ఉర్దూ చక్కగా చదువుతాడు. అరబీ నుండి ఉర్దూలోకి వచ్చిన వందలాది పదాలు అతనికి ముందే పరిచయం. ఇంకొకడు పదవ తరగతి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చాడు. వ్యాకరణమంటే ఏమిటో, కర్త కర్మ క్రియలంటే ఏమిటో అతనికి తెలుసు, కాని అరబీ లిపి ఇంకా తడబడుతూ చదువుతాడు. ఈ ముగ్గురినీ వయసును బట్టి ఒకే తరగతిలో కూర్చోబెడితే, ముగ్గురిలో ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. పావుగంట మౌఖిక పరీక్ష, ఒక పుట వ్రాత పరీక్ష చాలు, ఈ అన్యాయాన్ని నివారించడానికి.

లోప నిర్ధారణ పరీక్ష

వైద్యుడు నాడి చూసేది రోగిని శిక్షించడానికి కాదు, మందు ఇవ్వడానికి. లోప నిర్ధారణ పరీక్ష కూడా అటువంటిదే.

హదీసు గ్రంథాలలో ఒక వ్యక్తి ఉదంతం ప్రసిద్ధం. ఆయన మస్జిదుకు వచ్చి త్వరత్వరగా నమాజు ముగించి ప్రవక్త (స) వద్దకు వచ్చి సలాం చేశారు. ప్రవక్త (స) సలాముకు జవాబిచ్చి, తిరిగి వెళ్ళి నమాజు చేయమన్నారు, చేసినది నమాజు కాలేదన్నారు. ఇలా మూడుసార్లు జరిగింది. ఇంతకంటే బాగా తనకు రాదనీ, నేర్పమనీ ఆ వ్యక్తి వేడుకున్నారు. అప్పుడు ప్రవక్త (స) నిలబడటం మొదలుకొని సజ్దా వరకు ఒక్కొక్క అంశాన్ని నిదానంగా నెరవేర్చవలసిన తీరును వివరించి చెప్పారు. మూడుసార్లు పరిశీలన జరిగింది. లోపం ఉన్నదని విద్యార్థి స్వయంగా గుర్తించాడు. నేర్చుకోవాలన్న కోరిక అతనిలో కలిగింది. పిదప ఆ లోపానికే బోధన జరిగింది. లోప నిర్ధారణ పరీక్షకు ఇంతకు మించిన నమూనా అరుదు.

అరబీ నేర్చుకునే తెలుగు పిల్లలకు వచ్చే కష్టాలు చాలావరకు ముందే ఊహించదగినవి. వాటిలో మొదటిది ఉచ్చారణ. అరబీలో మూడు వేర్వేరు ధ్వనులుగా పలికే సీన్, సాద్, సే అక్షరాలు తెలుగు నోటిలో ఒకే 'స'గా మారిపోతాయి. ఖడ్గాన్ని తెలిపే సైఫ్, వేసవిని తెలిపే సైఫ్ తెలుగు లిపిలో ఒకే విధంగా కనిపించడమే ఇందుకు సాక్ష్యం. కల్బ్ అంటే కుక్క, ఖల్బ్ అంటే హృదయం. ఈ రెంటి తేడా తెలియని పిల్లవాని పఠనం ఎంత వినసొంపుగా ఉన్నా లోపభూయిష్టమే. ఇటువంటి జంట పదాలను ఇరవై ఎన్నుకుని, ఉపాధ్యాయుడు ఒకదానిని పలికి, అది ఏదో విద్యార్థిని గుర్తించమనాలి. తరువాత విద్యార్థిని పలకమనాలి. చెవికే తేడా తెలియడం లేదా, లేక చెవికి తెలిసినా నాలుక తిరగడం లేదా అన్నది అప్పుడు తేలిపోతుంది. రెండింటికీ మందు వేరు.

వ్యాకరణంలోనూ ఇంతే. తెలుగులో 'కొత్త ఇల్లు' అంటాము, అరబీలో 'బైతున్ జదీదున్' అని విశేషణం వెనుక వస్తుంది. మనం 'ఇంటిలో' అని విభక్తిని వెనుక చేరుస్తాము, వారు 'ఫిల్ బైతి' అని ముందు చేరుస్తారు. తెలుగులో ద్వివచనం లేదు, నిశ్చయార్థకమైన 'అల్' వంటిది లేదు. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం అంటే తెలుగు పిల్లవానికి వింతగా ఉంటుంది. పిల్లల తప్పులను ఈ అంశాల వారీగా వేరుచేసి లెక్కిస్తే ఏ పాఠాన్ని మళ్ళీ చెప్పాలో తెలుస్తుంది. మొత్తం మార్కులు నూటికి నలభై అని వ్రాసి వదిలేస్తే ఏమీ తెలియదు. రాబర్ట్ లాడో 1961లో భాషా పరీక్షలపై ప్రకటించిన గ్రంథంలో, మాతృభాషకూ నేర్చుకునే భాషకూ ఉన్న తేడాలను గమనించి ప్రశ్నలు కూర్చాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

సాధన పరీక్ష

బోధించిన పాఠం ఎంతవరకు వంటబట్టిందో చూసేది సాధన పరీక్ష. మన త్రైమాసిక, అర్ధవార్షిక, వార్షిక పరీక్షలన్నీ ఈ కోవకు చెందినవే. దీని సరిహద్దు బోధించిన పాఠమే. చెప్పని దానిని అడగడం అన్యాయం.

ఈ పరీక్ష ఏడాదికి ఒకసారి పెట్టి ముగించేది కాదు. ప్రతి రంజాన్ మాసంలో హజ్రత్ జిబ్రీల్ (అలై) వచ్చి ప్రవక్త (స)తో కలిసి ఖుర్ఆన్ పఠనాన్ని పునశ్చరణ చేసేవారనీ, ప్రవక్త (స) పరమపదించిన సంవత్సరం రెండుసార్లు చేశారనీ హదీసులలో ఉంది. నేర్చుకున్నదానిని నియమిత కాలంలో అప్పగించి సరిచూసుకునే సంప్రదాయం మన సముదాయంలో అంత పురాతనమైనది. హిఫ్జ్ తరగతులలో ఈనాటికీ కొత్త పాఠం, నిన్నటి పాఠం, పాత పాఠం అని మూడు విధాలుగా ప్రతిదినం అప్పగింతలు జరుగుతున్నాయి. ఖుర్ఆన్ కంఠస్థ విద్య ఇన్ని శతాబ్దాలుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉండటానికి ఈ నిత్య పరీక్ష ఒక ప్రధాన కారణం. విచారకరమైన విషయం ఏమంటే, అదే మదరసాలో అరబీ భాషకు మాత్రం చాలాచోట్ల ఏడాదికి రెండు మూడు పరీక్షలతో సరిపెడుతున్నారు.

సాధన పరీక్షకు ప్రోత్సాహం కూడా ఒక ప్రయోజనమే. దైవగ్రంథంలో అన్నిటికంటే గొప్ప ఆయతు ఏదని ప్రవక్త (స) హజ్రత్ ఉబై బిన్ కాబ్ (రజి)ను ప్రశ్నించారు. ఆయన మొదట వినయంతో అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకే తెలుసునన్నారు. ప్రవక్త (స) మళ్ళీ అడిగారు. అప్పుడు ఆయన ఆయతుల్ కుర్సీని పేర్కొన్నారు. ప్రవక్త (స) ఆయన రొమ్ము తట్టి, ఆ జ్ఞానం ఆయనకు శుభప్రదం కావాలని అభినందించారు. రెండవసారి అడగడంలోని ఓర్పును, జవాబు రాగానే చేసిన అభినందనను మన పరీక్షకులు గుర్తుంచుకోవాలి.

ప్రావీణ్య పరీక్ష

ఏ పుస్తకం చదివాడు, ఎక్కడ చదివాడు, ఎన్ని సంవత్సరాలు చదివాడు అన్నవాటితో ప్రావీణ్య పరీక్షకు సంబంధం లేదు. ఈ భాషతో ఈ వ్యక్తి ఈ రోజు ఏ పని చేయగలడు? ఇదొక్కటే దాని ప్రశ్న. విదేశీ విద్యార్థుల ఆంగ్ల ప్రావీణ్యాన్ని తెలుసుకోవడానికి అమెరికాలో 1964లో మొదలైన టోఫెల్ పరీక్ష ఇటువంటిది. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన ఆరు అంచెల విధానం కూడా, అభ్యాసకుడు ఏమి చదివాడో కాక ఏమి చేయగలడో వర్ణిస్తుంది.

ఈ భావన మనకు కొత్తది కాదు. అనాథల ఆస్తిని వారికి అప్పగించే ముందు వారిని పరీక్షించమనీ, వారిలో వివేకం కనిపించినప్పుడే అప్పగించమనీ దివ్యఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో ఆదేశించింది. ఆ పరీక్ష ఎలా ఉండాలన్న విషయాన్ని ధర్మశాస్త్రవేత్తలు చర్చించారు. షాఫయీ పండితుడు ఇమామ్ నవవీ (రహ్మలై, మరణం 1277) తమ మిన్హాజ్ గ్రంథంలో, వర్తకుని కుమారుణ్ణి క్రయవిక్రయాలలోను బేరసారాలలోను, రైతు కుమారుణ్ణి సేద్యంలోను కూలీలపై చేసే ఖర్చులోను పరీక్షించాలని వివరించారు. ఒక్కసారి కాక రెండుసార్లు లేక అంతకుమించి పరీక్షించడం అవసరమని కూడా ఆయన చెప్పారు. వర్తకం చేయవలసినవానికి వర్తకంలోనే పరీక్ష. వర్తకపు నిర్వచనాలు అప్పగించడంలో కాదు!

ఇక భాష విషయానికి వస్తే, 1377లో ముఖద్దిమా రచించిన ఇబ్నె ఖల్దూన్ ఈ తేడాను ఎంతో స్పష్టంగా చూపారు. భాషాపటిమ వేరు, వ్యాకరణ శాస్త్ర జ్ఞానం వేరు అని ఆయన సిద్ధాంతం. కుట్టుపనిని గురించి మాటలలో చక్కగా వివరించగలిగి, సూది చేతికిస్తే కుట్టలేనివానితో ఆయన కేవల వ్యాకరణవేత్తను పోల్చారు. వ్యాకరణంలో ఉద్దండులైనవారు కూడా మిత్రునికి రెండు పంక్తుల లేఖ వ్రాయవలసివస్తే తప్పులు చేయడాన్ని ఆయన గమనించారు. ఎనిమిదేళ్ళు సర్ఫ్, నహ్వ్ చదివి, కాఫియా వంటి కఠిన గ్రంథాన్ని దాటివచ్చి, ఒక అరబీ వార్తాపత్రికలోని చిన్న వార్తను నిఘంటువు లేకుండా చదవలేక ఇబ్బంది పడే పట్టభద్రులను చూసినప్పుడు ఇబ్నె ఖల్దూన్ మాటలలోని సత్యం బోధపడుతుంది. దోషం ఆ గ్రంథాలది కాదు. సాధన పరీక్షలో నెగ్గినవాడు ప్రావీణ్యం పొందినట్లేనని మనం భావించడమే దోషం.

మంచి పరీక్ష లక్షణాలు

పరీక్ష ఏ రకానికి చెందినా దానికి రెండు లక్షణాలు తప్పనిసరి. మొదటిది సప్రమాణత, అనగా దేనిని కొలుస్తానన్నదో దానినే కొలవడం. గుడ్డను గజంతో కొలవాలి, త్రాసుతో తూచరాదు. రెండవది విశ్వసనీయత, అనగా ఈ రోజు కొలిచినా రేపు కొలిచినా, ఒకరు దిద్దినా మరొకరు దిద్దినా ఫలితం దాదాపు ఒకటిగానే రావడం. ఇమామ్ నవవీ తెలిపిన రెండు షరతులలో మొదటిది సప్రమాణతను, రెండవది విశ్వసనీయతను సూచిస్తున్నవని గమనించవచ్చు.

ఈ సందర్భంలో ఇమామ్ బుఖారీ (రహ్మలై)కి బాగ్దాదులో ఎదురైన పరీక్ష స్మరించదగినది. అక్కడి హదీసువేత్తలు వంద హదీసులను ఎన్నుకుని, ఒకదాని ఉల్లేఖకుల పరంపరను మరొకదాని మూలవాక్యానికి తగిలించి, పదిమందికి పదేసి చొప్పున పంచి ఇచ్చారు. సభలో ఒక్కొక్కరే లేచి వాటిని అడిగారు. ప్రతిదానికీ ఇమామ్ గారు తమకు ఇది తెలియదనే జవాబిచ్చారు. సభలోని సామాన్యులు ఆయన జ్ఞానం కొద్దిపాటిదని అనుకున్నారు. విషయం తెలిసినవారు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఈయన గ్రహించాడని అనుకున్నారు. వందా పూర్తయిన తరువాత ఆయన మొదటి వ్యక్తి వైపు తిరిగి, అతని మొదటి హదీసుతో ప్రారంభించి, అన్నింటినీ వరుసగా సరిచేసి, ఏ పరంపరను దాని మూలానికి చేర్చి చెప్పారు. ఆయన తప్పులను సరిదిద్దడం కంటే, ఆ తప్పులను ఒక్కసారి విని అదే వరుసలో గుర్తుంచుకోవడమే ఆశ్చర్యకరమని హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మలై) అభిప్రాయపడ్డారు.

పరీక్షల దృష్టితో చూస్తే ఇందులో రెండు విషయాలున్నాయి. ప్రశ్నలు వల్లెవేసిన జవాబుతో తప్పించుకోలేని విధంగా కూర్చబడ్డాయి. అంతేగాక ఒకే జవాబును ఒక వర్గం అజ్ఞానంగాను, మరొక వర్గం పాండిత్యంగాను భావించింది. పరీక్షకుడు తెలిసినవాడు కాకపోతే విద్యార్థి ఎంతటివాడైనా ఓడిపోతాడు.

పరీక్షా పద్ధతులు

భాషను ముక్కలు ముక్కలుగా పరీక్షించడం ఒక పద్ధతి. ఈ క్రియకు ఆజ్ఞార్థక రూపం ఏది, ఈ పదానికి బహువచనం ఏది అన్న ప్రశ్నలు ఇటువంటివి. వీటిని దిద్దడం సులభం, మార్కులలో తేడా రాదు. కాని ఇటుకలన్నీ మంచివైనంత మాత్రాన ఇల్లు నిలబడుతుందని చెప్పలేము. అందువలన భాషను సమగ్రంగా వాడించి పరీక్షించే పద్ధతి కూడా అవసరమని జాన్ కారోల్ 1961లోనే వాదించారు. విల్సన్ టేలర్ 1953లో ప్రవేశపెట్టిన ఖాళీల పద్ధతిని దీనికి ఉదాహరణగా చెప్పుకోవచ్చు. ఒక గద్యభాగంలో ప్రతి ఐదవ లేక ఏడవ పదాన్ని తొలగించి పూరించమంటారు. అర్థం, వ్యాకరణం, సందర్భం మూడూ తెలిస్తే గాని ఆ ఖాళీ నిండదు.

మన మదరసాలలో తరతరాలుగా ఉన్న 'ఇబారత్' చదివించే ఆచారం కూడా ఈ సమగ్ర పద్ధతికే చెందుతుంది. అరబీ గ్రంథాలలో సాధారణంగా హ్రస్వ స్వరచిహ్నాలు ఉండవు. విద్యార్థి గురువు ఎదుట ఆ వాక్యాన్ని బిగ్గరగా చదవాలి. కర్త ఏదో, కర్మ ఏదో, షష్ఠి ఏదో తెలియకుండా పదాంతంలో ఏ స్వరం పలకాలో తెలియదు. ఒక్క పుట చదివించి నిపుణుడైన గురువు విద్యార్థి వ్యాకరణం, పదజాలం, అర్థగ్రహణం అన్నీ తెలుసుకుంటాడు. కాగితం ఖర్చు లేని ఇంతటి చక్కని పరీక్షను మనం ఒక్క పొరపాటుతో నిష్ఫలం చేసుకుంటున్నాము. పాఠంగా చెప్పిన పుటనే మళ్ళీ చదివిస్తున్నాము. విద్యార్థి గురువు పలికినది గుర్తుంచుకుని చదువుతాడు. అది జ్ఞాపకశక్తికి పరీక్ష. అదే స్థాయిలో ఉన్న, ఇంతకు ముందు చూడని పుటను చేతికిచ్చి చదివిస్తే అది భాషకు పరీక్ష.

ఇమ్లా, అనగా విని వ్రాయడం మరొక మంచి సాధనం. అక్షరాల తేడా చెవికి తెలుస్తున్నదా, హమ్జా ఎక్కడ వ్రాయాలో తెలుసా, పదాల మధ్య సరిహద్దు గ్రహిస్తున్నాడా అన్నవన్నీ ఇందులో బయటపడతాయి. సంభాషణ, లేఖారచన వంటివి అసలైన వాడుకకు దగ్గరగా ఉంటాయి. కాని వీటిని దిద్దడంలో ఒకరికొకరికి తేడా వస్తుంది. ఇద్దరు పరీక్షకులు వేర్వేరుగా మార్కులు వేసి సగటు తీసుకోవడం, భావానికి, పదజాలానికి, వ్యాకరణానికి మార్కులు ముందుగానే విభజించుకోవడం ఇందుకు మార్గాలు.

తెలుగు విద్యార్థి సమస్య

ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని ప్రస్తావించక తప్పదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంటిలో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కాదు. నూర్‌బాషా సోదరులు మొదలుకొని అనేక గ్రామీణ కుటుంబాల మాతృభాష తెలుగే. ఆ పిల్లలు మదరసాలో చేరినప్పుడు అరబీ పాఠం ఉర్దూలో జరుగుతుంది. ప్రశ్నపత్రంలో 'ఈ క్రింది వాక్యాలను ఉర్దూలోకి అనువదించుము' అని ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'ఖరఅల్ వలదుల్ కితాబ' అనే వాక్యానికి, పిల్లవాడు పుస్తకం చదివాడని అర్థం. తెలుగు పిల్లవాడు దీనిని పూర్తిగా గ్రహించాడు. ఉర్దూలో 'లడ్‌కే నే కితాబ్ పఢీ' అని వ్రాయాలి. అక్కడ కర్త తరువాత 'నే' రావాలి, దానితో 'లడ్‌కా' 'లడ్‌కే'గా మారాలి, క్రియ కర్తను విడిచి స్త్రీలింగమైన పుస్తకాన్ని అనుసరించాలి. ఇవేవీ అరబీ నియమాలు కావు, తెలుగులోనూ లేవు. పిల్లవాడు 'లడ్‌కా కితాబ్ పఢా' అని వ్రాస్తాడు. మూడు తప్పులు! ఎర్రసిరాతో మార్కులు తెగిపోతాయి. అరబీలో అతడు చేసిన తప్పు ఏమిటి? ఒక్కటీ లేదు. అరబీ వాక్యంలోని కర్తను, కర్మను, కాలాన్ని అతడు సరిగ్గానే గ్రహించాడు. అరబీ పేరుతో జరిగిన ఆ పరీక్ష కొలిచింది ఉర్దూను. గుడ్డను త్రాసుతో తూచడమంటే ఇదే.

దీని ఫలితం ఒక పరీక్షతో ముగియదు. తనకు అరబీ రాదని ఆ పిల్లవాడు నమ్ముతాడు. తండ్రి కూడా నమ్ముతాడు. రెండేళ్ళు తిరగకుండానే అతడు చదువు మాని ఏదో ఒక పనిలో చేరిపోతాడు. రేపు తెలుగులో దీన్‌ను వివరించగలిగే ఒక ఆలిమ్‌ను, ఒక అనువాదకుణ్ణి, ఒక ఖతీబును సముదాయం ఆ విధంగా పోగొట్టుకుంటుంది.

నిజానికి తెలుగు మాతృభాష అరబీ నేర్వడానికి అన్నివిధాలా ఆటంకం కాదు. 'హాజా కితాబున్' అన్న రెండు పదాల వాక్యానికి తెలుగులో 'ఇది పుస్తకం' అని రెండు పదాలే సరిపోతాయి. ఉర్దూలో 'హై', ఆంగ్లంలో 'ఈజ్' తప్పనిసరి. అరబీ నామవాక్యాన్ని తెలుగు పిల్లవానికి నేరుగా తెలుగులో చెబితే ఎంతో తేలికగా అర్థమవుతుంది. క్రియలోనే కర్త ఇమిడి ఉండటం అతనికి కొత్త కాదు. 'వచ్చాను' అన్నప్పుడు 'నేను' అని వేరుగా చెప్పనవసరం లేదని అతనికి పుట్టుకతోనే తెలుసు.

దీనిపై ఒక అభ్యంతరం రావచ్చు. తఫ్సీరు, హదీసు, ఫిఖ్‌హ్ శాస్త్రాలలో అపారమైన సాహిత్యం ఉర్దూలో ఉన్నదనీ, ఉర్దూను సడలిస్తే పిల్లలు ఆ నిధికి దూరమవుతారనీ పెద్దలు ఆందోళన చెందుతారు. ఆ ఆందోళన సమంజసమైనదే. ఉర్దూ నేర్పవలసిందే, అందులో పరీక్ష పెట్టవలసిందే. కాని ఉర్దూకు ఉర్దూ పత్రం, అరబీకి అరబీ పత్రం వేర్వేరుగా ఉండాలి. ఒక భాషలోని లోపానికి మరొక భాషలో శిక్ష వేయరాదు. అరబీ పత్రంలో అర్థం చెప్పమన్న చోట విద్యార్థి తనకు వచ్చిన భాషలో, అది తెలుగైనా ఉర్దూ అయినా, జవాబు వ్రాసే స్వేచ్ఛ ఇవ్వాలి. తెలుగు తెలిసిన ఒక ఉపాధ్యాయునిచేత దానిని దిద్దించాలి. పై తరగతులలో జవాబు అరబీలోనే వ్రాయించడం ఇంకా మేలు. చిన్న తరగతులలో అసలు అనువాదమే అక్కరలేదు. 'తలుపు తెరువు', 'పుస్తకం బల్లమీద పెట్టు' అని అరబీలో ఆజ్ఞాపించి, పిల్లవాడు ఆ పని చేశాడా లేదా చూస్తే సరిపోతుంది.

అనువాదం పరీక్షగా పనికిరాదని కాదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త (స) ఆజ్ఞపై యూదుల లిపిని పదిహేను రోజులలోపే నేర్చుకుని, వారికి లేఖలు వ్రాస్తూ, వారి నుండి వచ్చిన లేఖలను చదివి వినిపించేవారని హదీసులలో ఉంది. ఆయనకు పరీక్ష ఆ పనిలోనే జరిగింది. అనువాదకుడు కాదలచినవానికి అనువాదంలో పరీక్ష పెట్టడం సబబు. అరబీ ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి మాత్రం దానినే ఏకైక కొలబద్దగా పెట్టుకోరాదు.

పరీక్ష బోధనను మలచుతుంది

ఉపాధ్యాయుడు ఏమి బోధించాలని పాఠ్యప్రణాళికలో వ్రాసినా, విద్యార్థి మాత్రం పరీక్షలో ఏది అడుగుతారో దానినే చదువుతాడు. ఏటా అవే పుటల నుండి అవే ప్రశ్నలు వస్తే, విద్యార్థులు పాత ప్రశ్నపత్రాలు సేకరించి జవాబులు వల్లెవేస్తారు. మౌఖిక పరీక్ష లేకపోతే తరగతిలో ఎవరూ అరబీలో మాట్లాడరు. కనుక బోధనను సంస్కరించదలచినవారు ప్రశ్నపత్రంతో ప్రారంభించడం సులభమైన మార్గం.

వంద మార్కుల అరబీ పరీక్షలో పాతిక మార్కులు చదవని గద్యభాగాన్ని అర్థం చేసుకోవడానికి, ఇరవై మార్కులు కొత్త ఇబారతును సరిగా చదవడానికి, పదిహేను ఇమ్లాకు, ఇరవై సంభాషణకు, ఇరవై లేఖ లేక చిన్న వ్యాసానికి కేటాయించారనుకుందాం. వ్యాకరణానికి వేరుగా మార్కులు లేవని ఎవరూ కలవరపడనక్కరలేదు. వ్యాకరణం రానివాడు వీటిలో ఏ ఒక్కటీ సరిగా చేయలేడు. అటువంటి పత్రం ఒక్క ఏడాది పెడితే, మరుసటి ఏడాది తరగతి గది తానే మారిపోతుంది.

మార్కులు వేయడం తీర్పు చెప్పడంతో సమానం. తీర్పులో న్యాయం పాటించడం, అమానతును హక్కుదారులకు అప్పగించడం విశ్వాసుల విధి. విద్యార్థి శ్రమ పరీక్షకుని చేతిలో ఒక అమానతు.

ఖర్జూరపు చెట్టు ఉదంతానికి ఒక ముగింపు ఉంది. సభ ముగిసిన తరువాత అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తన మనసులో తోచిన జవాబును తండ్రికి చెప్పారు. నీవు ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నాకు ఎంతో సంతోషం కలిగేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. మన మదరసాలలో వెనుక వరుసలో కూర్చున్న తెలుగు పిల్లవాని మనసులో కూడా జవాబు ఉండవచ్చు. దానిని బయటకు రప్పించగల పరీక్షలను రూపొందించే బాధ్యత ఉపాధ్యాయులది, నిర్వాహకులది. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను, ఆ విద్యను న్యాయంగా తూచే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.